కరెంట్ పోతే జెడ్ యాక్సిస్ జారిపోతోంది. ఏ మోటార్ వేస్తే నిలబడుతుంది?

టెక్కలి_శిల | మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టెక్కలిలో శిలాఫలకాలు చెక్కే చిన్న షాపు నాది. నాన్న ఉలి, సుత్తితో చెక్కేవారు. నేను మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్) ఒకటి తెచ్చుకున్నాను. మా చుట్టుపక్కల దొరికే బ్లూ గ్రానైట్, చీమకుర్తి వైపు నుంచి వచ్చే నల్లరాయి, రెండింటి మీదా పని చేస్తాను.

పోయిన శుక్రవారం ఒక గుడి దాతల పలక చెక్కుతున్నాను. మొత్తం 43 పేర్లు. 31వ పేరు దగ్గర కరెంట్ పోయింది. బిట్‌ని తిప్పే స్పిండిల్ వెంటనే ఆగదు కదా, ఇంకా తిరుగుతూనే ఉంది. ఈలోపు జెడ్ యాక్సిస్, అంటే స్పిండిల్‌ని పైకీ కిందికీ కదిపే భాగం, తన బరువుకు తనే కిందికి దిగింది. బిట్ విరిగింది, అది పోతే పోయింది. పేరులోని సున్నా మధ్యలో వేలు పట్టేంత గుంట పడింది. సున్నా కాస్తా బొట్టులా అయిపోయింది.

మెషిన్ వివరాలు: స్పిండిల్ 2.2 కిలోవాట్, వాటర్ కూలింగ్. జెడ్‌కి 1605 బాల్ స్క్రూ, అంటే 16 మి.మీ. లావు, ఒక చుట్టుకు 5 మి.మీ. కదలిక. మోటార్ నీమా 23 సైజు స్టెప్పర్ (అడుగులు అడుగులుగా తిరిగే మోటార్), స్టిక్కర్ మీద హోల్డింగ్ టార్క్, అంటే ఆగి ఉన్నప్పుడు పట్టి ఉంచే బలం, 1.9 న్యూటన్ మీటర్ అని ఉంది. మోటార్‌కి కరెంట్ ఇచ్చే డ్రైవర్ డీఎం542, సప్లై 36 వోల్టులు.

ఏ మోటార్ వేస్తే ఉన్నచోటే నిలబడుతుంది? నీమా 34కి మారాలా, సర్వో పెట్టాలా? ఇంకా 12 పేర్లు మిగిలి ఉన్నాయి, గుడి వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

గజపతినగరం_వైండర్ | మంగళవారం రాత్రి 9:40

మోటార్ చిన్నదైపోయింది బ్రదర్. రాయి పనికి నీమా 23 ఏం సరిపోతుంది? నీమా 34లో 8 న్యూటన్ మీటర్‌ది వేసుకోండి, కదలదు.

పలాస_జీడి | మంగళవారం రాత్రి 9:58

స్టెప్పర్ జోలికి వెళ్లకండి. మా జీడిపప్పు ప్యాకింగ్ మెషిన్‌కి సర్వోలు ఉన్నాయి. షాఫ్ట్ ఎక్కడుందో చూసే ఎన్‌కోడర్ ఉంటుంది కాబట్టి వెంట్రుకంత జరిగినా వెంటనే వెనక్కి తెచ్చేస్తుంది. ఒక్కసారి ఖర్చు పెడితే పదేళ్లు చూడక్కర్లేదు.

వంశధార | మంగళవారం రాత్రి 10:05

ఏటి బావా, కరెంట్ పోతే మనం విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూలబడతాం, మోటార్ ఒక్కటీ నిలబడే ఉండాలా?

నెల్లిమర్ల_మేస్త్రి | బుధవారం ఉదయం 6:20

వంశధార బాబు వెటకారంగా అన్నా, అసలు సంగతి అందులోనే ఉంది.

టెక్కలి తమ్ముడూ, మోటార్ కొనే ముందు రెండు పనులు చెయ్యి. ఒకటి, మెషిన్ ఆన్‌లో పెట్టి, స్పిండిల్ ఆపేసి, జెడ్ క్యారేజ్‌ని రెండు చేతులతో కిందికి నొక్కు. దిగుతోందేమో చూడు. రెండు, మోటార్‌ని స్క్రూకి కలిపే కప్లర్ విప్పి, స్పిండిల్‌తో సహా క్యారేజ్ బరువెంతో కాటా మీద తూచు. విప్పేటప్పుడు కింద చెక్క దిమ్మ పెట్టడం మరిచిపోకు. చెయ్యి మాత్రం పెట్టకు.

టెక్కలి_శిల | బుధవారం మధ్యాహ్నం 1:15

చేశాను మేస్త్రి గారూ. ఆన్‌లో ఉన్నప్పుడు నొక్కడం కాదు, దాదాపు వేలాడాను. ఇసుమంతైనా కదల్లేదు. స్విచ్ తీసేయగానే మాత్రం దానంతట అదే దిగిపోతోంది, మొదట మెల్లగా, తర్వాత జోరుగా.

బరువు పక్క కొట్టువాళ్ల కూరగాయల కాటా మీద తూచాను. స్పిండిల్, క్లాంపు, ప్లేటు అన్నీ కలిపి 14 కిలోలు.

ఇంకో సంగతి కూడా ఉంది, మొన్న రాయలేదు. కరెంట్ పోకపోయినా, రెండు గంటలు చెక్కితే మొదటి వరుసలో 1 మి.మీ. ఉన్న లోతు చివరి వరుసకు 1.4 దాకా పోతోంది. ఇది కూడా మోటార్ నిలబడకపోవడమేనా?

నెల్లిమర్ల_మేస్త్రి | బుధవారం రాత్రి 8:30

లోతు సంగతి వేరే జబ్బు. దాన్ని పక్కన పెట్టు, మన టర్నర్ గారు వస్తే చూస్తారు. ముందు జారడం గురించి.

14 కిలోల బరువంటే 137 న్యూటన్లు. 5 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు కదలిక) ఉన్న స్క్రూ మీద ఆ బరువు మోటార్ షాఫ్ట్‌ని తిప్పాలని చూసే బలం: 137ని 0.005తో గుణించి 6.28తో భాగించు. 0.109 వస్తుంది. బాల్ స్క్రూలో పదో వంతు రాపిడికి పోతుందనుకుంటే మిగిలేది దాదాపు 0.1 న్యూటన్ మీటర్. నీ మోటార్ పట్టు 1.9. అంటే కావలసిన దానికి 19 రెట్లు. నువ్వు వేలాడినా కదలకపోవడంలో వింతేమీ లేదు.

మరి ఎందుకు జారింది? ఆ 1.9 కాయిల్‌లో కరెంట్ ఉన్నప్పటి మాట. బావి గిలక మీద బొక్కెన తాడు పట్టుకున్న చెయ్యి లాంటిది నీ మోటార్. చెయ్యి ఎంత బలమైనదైనా వదిలేశాక బొక్కెన బావిలోకే పోతుంది. కరెంట్ లేనప్పుడు స్టెప్పర్‌కి మిగిలేది రోటర్ మ్యాగ్నెట్ పట్టు ఒక్కటే, డిటెంట్ టార్క్ అంటారు. చేత్తో షాఫ్ట్ తిప్పితే టిక్ టిక్ మంటూ తగులుతుంది చూడు, అదే. నీమా 23లో అది 0.04 నుంచి 0.07 మధ్య ఉంటుంది. బరువు లాగేది 0.1. ఇక చెప్పేదేముంది.

మూడు దశాబ్దాలు జూట్ మిల్లులో మెయింటెనెన్స్ చేశాను. ఓవర్‌హెడ్ క్రేన్‌లో బరువుని గాలిలో నిలబెట్టేది మోటార్ కాదు, బ్రేకు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా అంతే. కరెంట్ ఇస్తే బ్రేక్ విడుతుంది, కరెంట్ పోతే స్ప్రింగ్ పట్టేస్తుంది. నీకు కావలసింది పెద్ద మోటార్ కాదు.

గజపతినగరం_వైండర్ | బుధవారం రాత్రి 9:02

మేస్త్రి గారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ నీమా 34లో డిటెంట్ కూడా పెద్దదే కదా? 8 న్యూటన్ మీటర్ మోటార్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పాలంటే వేళ్లు నొప్పెడతాయి. మోడల్‌ని బట్టి 0.2 పైనే ఉంటుంది. లాగేది 0.1 అన్నారుగా. అలాంటప్పుడు కరెంట్ లేకపోయినా నిలబడాలి.

నెల్లిమర్ల_మేస్త్రి | బుధవారం రాత్రి 9:25

మంచి మాట అన్నావు. కాగితం మీద నిలబడుతుంది. మెషిన్ కదలకుండా ఉంటే నిజంగానే నిలబడొచ్చు కూడా. కానీ కరెంట్ పోయిన ఆ నాలుగైదు సెకండ్లూ స్పిండిల్ ఇంకా తిరుగుతూ, బిట్ రాయిలో అదురుతూ ఉంటుంది. ఆ అదురుకి ఒక పన్ను జారితే మిగతావి దాని వెనకే పోతాయి. పైగా నీమా 34 రోటర్ బరువెక్కువ, దాన్ని చురుగ్గా తిప్పడానికి 36 వోల్టులు చాలవు, డ్రైవర్ మార్చాలి, సప్లై మార్చాలి, ప్లేటుకి కొత్త బెజ్జాలు వేయాలి. ఇంత చేసి చివరికి అదృష్టం మీద ఆధారపడటం ఎందుకు?

గజపతినగరం_వైండర్ | బుధవారం రాత్రి 9:31

సరే, మొదటి పోస్టులో తొందరపడ్డాను.

అయితే ఒక చిట్కా. స్టెప్పర్ వైర్లు ఒకదానితో ఒకటి షార్ట్ చేస్తే షాఫ్ట్ బరువెక్కుతుంది, తిప్పి చూడండి. కరెంట్ పోగానే ఒక రిలేతో కాయిల్స్ షార్ట్ అయ్యేలా పెడితే?

రాజాం_ఈసీఈ | బుధవారం రాత్రి 9:50

సార్, షార్ట్ చేస్తే మోటార్ జనరేటర్‌లా పనిచేసి తిరగడానికి అడ్డుపడుతుంది, నిజమే. కానీ ఆ అడ్డు వేగం ఉన్నప్పుడే. వేగం సున్నా అయితే అడ్డూ సున్నా. కాబట్టి పడటం ఆగదు, నెమ్మదిగా పడుతుంది అంతే. ఇంకో ప్రమాదం, డ్రైవర్ ఆన్‌లో ఉండగా ఆ రిలే ఎప్పుడైనా పొరపాటున మారితే డ్రైవర్ పోతుంది. మా ల్యాబ్‌లో ఆన్‌లో ఉండగా మోటార్ ప్లగ్ పీకినందుకే ఒక డ్రైవర్ పొగ వచ్చి పోయింది. పీకింది నేనే.

వంశధార | బుధవారం రాత్రి 9:53

నిజం ఒప్పుకున్న ఇంజనీరింగ్ కుర్రోడిని మొదటిసారి చూస్తున్నాను.

రాజాం_ఈసీఈ | బుధవారం రాత్రి 10:20

నాదొక డౌటు కూడా. మా ప్రాజెక్టులో పెన్నుతో గీసే చిన్న ప్లాటర్ చేశాం, జీఆర్‌బీఎల్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఉన్న బోర్డు. పెన్ను పైకెత్తి ఆపితే ఒక నిమిషంలో తనే దిగిపోయేది. కరెంట్ ఉంది, మోటార్ బాగుంది. వారం రోజులు మోటార్‌నే తిట్టుకున్నాం. చివరికి చూస్తే సెట్టింగ్. $1 విలువ 25 ఉంది, అంటే కదలిక ఆగిన 25 మిల్లీసెకండ్లకే బోర్డు మోటార్లను వదిలేస్తుంది. $1=255 అని ఇస్తే ఎప్పటికీ వదలదు. స్క్రూ కూడా టీ8 (8 మి.మీ. లావు మర), లీడ్ 8 మి.మీ.ది వేశాం, కాబట్టి వదలగానే జారింది.

డౌటు ఏమిటంటే, డీఎం542లో ఎస్‌డబ్ల్యూ4 అనే స్విచ్ ఆఫ్‌లో ఉంటే, మోటార్ ఆగిన కాసేపటికి కరెంట్ సగానికి తగ్గిపోతుంది. టెక్కలి అన్న మెషిన్‌లో జెడ్ ఎక్కువ సేపు ఒకే ఎత్తులో ఉంటుంది కదా. సగం కరెంట్‌తో కొంచెం కిందికి కుంగుతుందా? లోతు పెరగడానికి అదే కారణమా?

నెల్లిమర్ల_మేస్త్రి | గురువారం ఉదయం 6:05

లెక్క నువ్వే వెయ్యి బాబూ. చదువుకుంటున్నది నువ్వు.

రాజాం_ఈసీఈ | గురువారం రాత్రి 11:40

వేశాను సార్, క్లాసులో ఎవరూ అడగని లెక్క ఇది.

1.8 డిగ్రీల స్టెప్పర్‌లో బరువు పడితే రోటర్ కొంచెం వెనక్కి వాలి, ఆ వాలులోంచే బలం పుట్టిస్తుంది. ఒక ఫుల్ స్టెప్ అంటే ఎలక్ట్రికల్‌గా 90 డిగ్రీలు. సగం కరెంట్‌లో పట్టు 0.95 అనుకుంటే, 0.1 మోయడానికి వాలాల్సింది సైన్ విలువ 0.105 అయ్యే కోణం, అంటే 6 డిగ్రీలు. 90లో 6 అంటే ఫుల్ స్టెప్‌లో పదిహేనో వంతు. 5 మి.మీ. లీడ్‌కి 200 స్టెప్పులు, ఒక స్టెప్ 0.025 మి.మీ. అందులో పదిహేనో వంతు అంటే 0.0017 మి.మీ.

అన్నకి తేడా వచ్చింది 0.4 మి.మీ. కాబట్టి కారణం ఇది కాదు. స్విచ్ సగంలో ఉన్నా నష్టం లేదు, మోటార్ కూడా చల్లగా ఉంటుంది.

గజపతినగరం_వైండర్ | శుక్రవారం ఉదయం 7:30

చల్లగా అంటే గుర్తొచ్చింది. స్టెప్పర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోందని నా దగ్గరికి రీవైండింగ్‌కి తెస్తుంటారు. నిలబడి ఉన్నా కరెంట్ తాగే జాతి అది, 70 డిగ్రీలు మామూలే. ఇన్సులేషన్ బీ క్లాస్ అయితే 130 దాకా తట్టుకుంటుంది. వేడిగా ఉందని మోటార్ మార్చకండి.

పలాస_జీడి | శుక్రవారం ఉదయం 10:10

అందరూ స్టెప్పర్ దగ్గరే తిరుగుతున్నారు. సర్వోలో ఈ గొడవే ఉండదు కదా?

నెల్లిమర్ల_మేస్త్రి | శుక్రవారం మధ్యాహ్నం 2:00

జీడి గారూ, మీ మెషిన్‌లో నిలువుగా కదిలే యాక్సిస్ ఏదైనా ఉందా? ఆ ఒక్క మోటార్ మిగతా వాటి కన్నా పొడుగ్గా ఉండి, వెనక రెండు వైర్లు అదనంగా వస్తున్నాయేమో చూసి చెప్పండి.

పలాస_జీడి | శుక్రవారం సాయంత్రం 5:45

చూశాను. మీరు చెప్పినట్టే ఉంది! సీలింగ్ చేసే దవడ పైకీ కిందికీ వెళ్లే మోటార్ ఒక్కటే పొడుగు. ఆపరేటర్‌ని అడిగితే అందులో బ్రేక్ ఉందన్నాడు. పొద్దున పవర్ ఇవ్వగానే టక్ మని శబ్దం వస్తుంది, అదేమిటో నాకు ఇన్నాళ్లూ తెలీదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానప్పుడు మాకు రోజుల తరబడి కరెంట్ లేదు. జనరేటర్ మీద కాసేపు వేసి ఆపుతూ నడిపాం. అప్పుడు కూడా ఆ దవడ ఎక్కడ ఆపితే అక్కడే ఉండేది. సర్వో గొప్పదనం అనుకున్నాను.

నెల్లిమర్ల_మేస్త్రి | శుక్రవారం సాయంత్రం 6:30

అదీ సంగతి. కరెంట్ ఉన్నంత సేపూ సర్వో స్టెప్పర్ కన్నా తెలివైనదే, కాదనను. బరువుకి ఎంత కావాలో అంతే కరెంట్ తీసుకుంటుంది. 400 వాట్ల సర్వో రేటింగ్ 1.27 న్యూటన్ మీటర్, అందులో 0.1 అంటే దానికి చెమట కూడా పట్టదు. కానీ కరెంట్ పోతే సర్వో స్టెప్పర్ కన్నా అధ్వాన్నం. షాఫ్ట్ చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతుంది. అలారం వచ్చి డ్రైవ్ తనే ఆగిపోయినా అంతే, కరెంట్ ఉండగానే పడిపోతుంది. అందుకే నిలువు యాక్సిస్‌కి బ్రేక్ ఉన్న సర్వో తీసుకుంటారు, ఆ బ్రేక్‌ని డ్రైవ్‌లోనే ఉండే బ్రేక్ అవుట్‌పుట్‌తో నడుపుతారు.

ఇంకోటి, ఆగి ఉన్నప్పుడు సర్వో సన్నగా గుయ్ మంటూ ఇటో పల్సు అటో పల్సు ఊగుతుంటుంది, గెయిన్ (ఎంత జోరుగా స్పందించాలనే సెట్టింగ్) సరిగా పెట్టకపోతే మరీను. నల్లరాయి మీద అద్దంలాంటి పాలిష్ పక్కన చెక్కేటప్పుడు అది అంచుల్లో కనిపిస్తుంది. ఆగి పట్టుకోవడంలో స్టెప్పర్ బండరాయిలా ఉంటుంది. ఈ పనికి స్టెప్పరే నయమని నా అభిప్రాయం.

చీపురుపల్లి_టర్నర్ | శుక్రవారం రాత్రి 9:15

ఆలస్యంగా చూశాను, లేతు మీద పని ఎక్కువగా ఉంది.

జారడానికి ఇంకో దారి ఉంది: స్క్రూ మార్చడం. బాల్ స్క్రూలో గోళీలు దొర్లుతాయి, కాబట్టి బరువు దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. మామూలు ట్రెపిజాయిడల్ మర, కంచు నట్టు అయితే తిప్పలేదు. 16 మి.మీ. లావు, 4 మి.మీ. పిచ్ సింగిల్ స్టార్ట్ (ఒకే మర చుట్టుకున్నది) తీసుకోండి. మర వాలు 5 డిగ్రీల చిల్లర. ఉక్కు మీద కంచు రాపిడి 0.15 అనుకుంటే, జారడానికి కావలసిన వాలు 8 డిగ్రీల పైన. వాలు తక్కువ కాబట్టి బరువు ఎంత వేసినా దానంతట అది తిరగదు. కారు జాకీ ఇలాగే నిలబడుతుంది. రాజాం కుర్రాడు చెప్పిన టీ8, లీడ్ 8 స్క్రూలో వాలు 20 డిగ్రీలు. అందుకే జారింది. అదే టీ8లో లీడ్ 2 మి.మీ. వేసుంటే జారేది కాదు.

కానీ రాయి పనికి నేను చెయ్యమనను. ఆ బురద, ఆ పొడి నట్టులోకి వెళ్తే ఆరు నెలల్లో కంచు అరిగి ఆట (వదులు) వస్తుంది. అప్పుడు సున్నాలు కోడిగుడ్లవుతాయి. జెడ్ రోజంతా పైకీ కిందికీ తిరిగే చోట బాల్ స్క్రూనే ఉంచి బ్రేక్ పెట్టుకోండి.

ఇక లోతు గురించి. పెరుగుతోంది, తగ్గడం లేదు. కదా? అంటే ఏదో ఒకటి బరువు వైపే జారుతోంది. కప్లర్ ఎలాంటిది? షాఫ్ట్ మీద స్క్రూ పొడుచుకుని ఉండేదా, చుట్టూ బిగించేదా?

టెక్కలి_శిల | శుక్రవారం రాత్రి 9:40

అల్యూమినియం స్పైరల్ కప్లర్ అండి. పక్క నుంచి చిన్న ఎలెన్ స్క్రూలు. మోటార్ షాఫ్ట్ గుండ్రంగానే ఉంది, ఫ్లాట్ ఏమీ లేదు.

చీపురుపల్లి_టర్నర్ | శుక్రవారం రాత్రి 9:48

దొంగ దొరికినట్టే ఉన్నాడు. అయినా సాక్ష్యం కావాలి. పెయింట్ మార్కర్ తీసుకుని మోటార్ షాఫ్ట్ మీద నుంచి కప్లర్ మీదుగా స్క్రూ మీదికి ఒకే నిలువు గీత గీయండి. రెండు గంటలు చెక్కి చూడండి. గీత విరిగితే కప్లర్ జారుతోంది. గీత నిటారుగా ఉండి లోతు మాత్రం మారితే మోటార్ స్టెప్పులు మిస్సవుతోంది, ఎక్కువగా పైకి లేచేటప్పుడు. అప్పుడు వేగం, యాక్సిలరేషన్ తగ్గించాలి. ఇదొక్క గీతతో తేలిపోతుంది.

వంశధార | శనివారం ఉదయం 8:00

ఇంత మంది పెద్దలుండగా నా తెలివి కూడా పడేస్తాను. మా ఇంటి వంటగదిలో పైకి లేచే కబోర్డు తలుపుకి గ్యాస్ స్ప్రింగులుంటాయి. 100 న్యూటన్లు అని రాసి ఉంది. ఆ బరువుకి అలాంటిదొకటి ఊతంగా పెడితే మిగిలేది 37 న్యూటన్లే కదా?

నెల్లిమర్ల_మేస్త్రి | శనివారం ఉదయం 8:20

వంశధారా, నువ్వు పనికొస్తావురా. ఆ లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే. మిగిలిన 37 న్యూటన్లు షాఫ్ట్ మీద లాగేది 0.03 కూడా ఉండదు, డిటెంట్ ఒక్కటే ఆపేస్తుంది. పెద్ద మెషిన్లలో ఇదే పనికి కౌంటర్ వెయిట్ వేలాడదీస్తారు. అయితే కబోర్డు స్ప్రింగు రోజుకు పదిసార్లు తెరిచే తలుపు కోసం చేసింది. చెక్కేటప్పుడు జెడ్ రోజుకు వేల సార్లు లేస్తుంది, కొన్ని నెలల్లో గ్యాస్ కారిపోతుంది. అది చెప్పి కారదు. బ్రేక్ వచ్చే లోపు తాత్కాలికంగా పెట్టుకోవచ్చు, గుడి పలక పూర్తి చెయ్యడానికి.

మోడరేటర్ | శనివారం ఉదయం 11:00

అమ్మకాల ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. కొనే చోటు గురించి ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

టెక్కలి_శిల | ఆదివారం రాత్రి 7:30

టర్నర్ గారూ, గీత విరిగింది! శనివారం రెండు గంటలు నడిపి చూస్తే మోటార్ షాఫ్ట్ మీద గీత ఒక చోట, కప్లర్ మీద గీత ఇంకో చోట. మధ్యలో దాదాపు పావు అంగుళం... కాదు, అబద్ధం చెప్పకూడదు, రెండు మిల్లీమీటర్లు. కప్లర్ విప్పితే షాఫ్ట్ మీద స్క్రూ మొన గీసుకుంటూ పోయిన మెరుపు చార కనిపించింది. మీరంతా మోటార్, మోటార్ అంటున్నారు గానీ మోటార్ పాపం ఉన్నచోటే ఉంది.

చుట్టూ బిగించే రకం కప్లర్ తెప్పించాను. ఇక బ్రేక్ గురించి చెప్పండి మేస్త్రి గారూ. నా మోటార్‌కి వెనక షాఫ్ట్ లేదు.

నెల్లిమర్ల_మేస్త్రి | ఆదివారం రాత్రి 9:10

వెనక షాఫ్ట్ లేకపోతే బ్రేక్‌తో కలిపే వచ్చే నీమా 23 తీసుకో, అదే 2 న్యూటన్ మీటర్ దరిదాపుల్లోది చాలు. 24 వోల్టుల డీసీ బ్రేక్. కొనేటప్పుడు కరెంట్ పోతే పట్టే రకమా అని అడిగి మరీ తీసుకో, కరెంట్ ఇస్తే పట్టే రకం కూడా ఉంటుంది. విడిచిపెట్టి ఉంచడానికి ఎప్పుడూ కరెంట్ తీసుకుంటుంది కాబట్టి అది కాస్త వేడెక్కుతుంది, కంగారుపడకు. కప్లర్ బిగువు మాత్రం అసలు ప్రాణం. బ్రేక్ ఉండేది మోటార్ వెనక. కప్లర్ జారితే బ్రేక్ పట్టినా బరువు దిగుతుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది వైరింగులో. బ్రేక్‌కి వేరే 24 వోల్టుల సప్లై పెట్టి, మెయిన్స్ పోతే అదీ పోతుంది కదా అనుకుంటారు. పోతుంది, కానీ వెంటనే కాదు. ఎస్ఎంపీఎస్ (ఆ సప్లై డబ్బా) లోపల కరెంట్ నిల్వ ఉంచుకునే కెపాసిటర్లుంటాయి. బ్రేక్ ఒక్కటే లోడ్ అయితే మెయిన్స్ పోయాక కూడా అది కాసేపు ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. డ్రైవర్ల సప్లై మీద లోడ్ ఎక్కువ, అది ముందే చస్తుంది. ఆ సందులో మోటార్ వదిలేసి ఉంటుంది, బ్రేక్ పట్టి ఉండదు. నీ క్యారేజ్‌కి ఆ రెప్పపాటు చాలు.

అందుకని 230 వోల్టుల ఆన్ డిలే టైమర్ ఒకటి తీసుకో, స్టార్ డెల్టా ప్యానెళ్లలో ఉంటుంది చూడు. దాని కాయిల్ నేరుగా మెయిన్స్ మీద, దాని కాంటాక్ట్ బ్రేక్ 24 వోల్టుల డీసీ వైరులో. పవర్ వచ్చాక రెండు సెకండ్లు ఆగి బ్రేక్ విడుస్తుంది, ఈలోపు డ్రైవర్ మోటార్‌ని పట్టుకుని ఉంటుంది. మెయిన్స్ పోగానే టైమర్ పడిపోతుంది, డ్రైవర్‌లో ఇంకా ప్రాణం ఉండగానే బ్రేక్ పట్టేస్తుంది. ఎమర్జెన్సీ స్విచ్ కాంటాక్ట్ కూడా అదే వైరులో సిరీస్‌గా పెట్టు. బ్రేక్ కాయిల్‌కి అడ్డంగా మామూలు డయోడ్ పెడితే బ్రేక్ పట్టడం ఆలస్యమవుతుంది, వేరిస్టర్ పెట్టు.

ఇంకొక్క మాట. ఇది పట్టుకునే బ్రేక్, ఆపే బ్రేక్ కాదు. తిరుగుతున్న మోటార్‌ని దానితో రోజూ ఆపితే లైనింగ్ అరిగిపోతుంది.

రాజాం_ఈసీఈ | ఆదివారం రాత్రి 9:30

దీని బదులు మెషిన్ మొత్తానికి యూపీఎస్ పెడితే?

నెల్లిమర్ల_మేస్త్రి | ఆదివారం రాత్రి 9:42

2.2 కిలోవాట్ స్పిండిల్‌తో సహానా? ఖర్చు చూసుకో. డ్రైవర్లకే పెడితే స్పిండిల్ ఆగిపోతుంది, బల్ల మాత్రం కదులుతూనే ఉంటుంది. ఆగిన బిట్‌ని రాయి మీద ఈడ్చుకుపోతుంది. పెట్టేవాళ్లు ఉన్నారు, కానీ కరెంట్ పోయిందని కంట్రోలర్‌కి చెప్పి, జెడ్ పైకెత్తి ఆపేలా చెయ్యాలి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన రోజున మళ్లీ బ్రేకే దిక్కు.

టెక్కలి_శిల | పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 8:50

అప్‌డేట్. బ్రేక్ మోటార్ వచ్చింది, బిగించాను. నిజం చెప్పాలంటే మొదట టైమర్ లేకుండానే, ఇంట్లో ఉన్న 24 వోల్టుల సప్లైకి నేరుగా కలిపి చూశాను. మేస్త్రి గారు అంత చెప్పినా వినలేదు. క్యారేజ్ కింద డయల్ గేజ్ పెట్టి మెయిన్ స్విచ్ తీశాను. రెండు మిల్లీమీటర్ల పైనే దిగి అప్పుడు టక్ మని పట్టింది. రెండో రోజు టైమర్ తెచ్చి మీరు చెప్పినట్టు కలిపాను. పదిసార్లు స్విచ్ తీసి చూశాను, ముల్లు మూడు గీతలు దాటలేదు. అంటే 0.03 మి.మీ. ఆ కాస్తా ఎక్కడిది?

నెల్లిమర్ల_మేస్త్రి | శుక్రవారం రాత్రి 9:05

బ్రేక్ హబ్‌లో ఉండే ఆట. రెండు డిగ్రీలు కదిలినా నీ స్క్రూ మీద 0.03 దాకా వస్తుంది. దాన్ని వదిలెయ్.

చీపురుపల్లి_టర్నర్ | శుక్రవారం రాత్రి 9:20

లోతు సంగతేమిటి?

టెక్కలి_శిల | శుక్రవారం రాత్రి 9:33

కొత్త కప్లర్ వేశాక మొదటి వరుసకీ చివరి వరుసకీ తేడా వేలి గోటికి తెలియడం లేదు అండి.

గుడి పలక కూడా ఇచ్చేశాను. కొత్త రాయి కొనే స్తోమత లేక, అదే పలకని తిరగేసి వెనక వైపు పాలిష్ పట్టించి 43 పేర్లూ మళ్లీ చెక్కాను. మధ్యలో ఒకసారి కరెంట్ పోయింది కూడా. బిట్ ఉన్నచోటే ఆగింది. తర్వాత అక్కడి నుంచే మొదలుపెట్టాను, అతుకు ఎక్కడో నాకే తెలియలేదు. పాత వైపు గోడలోకి పోయింది.

వంశధార | శుక్రవారం రాత్రి 9:36

అంటే గోడ లోపల 31 మంది పేర్లు ఇంకోసారి ఉన్నాయన్నమాట. వాళ్లకి పుణ్యం డబుల్. మిగతా 12 మందికి తెలిస్తే ఊరుకోరు బావా.

చీపురుపల్లి_టర్నర్ | శుక్రవారం రాత్రి 9:41

కప్లర్ బోల్టులు నెలకోసారి బిగువు చూసుకోండి. కొత్తవి మొదట్లో కాస్త వదులవుతాయి.

టెక్కలి_శిల | శుక్రవారం రాత్రి 9:44

దాని మీద కూడా తెల్ల గీత గీశాను. పొద్దున్నే టీ తాగుతూ ముందు దాన్నే చూస్తున్నాను.